మాటల మడి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



సభ్యత పేరిట మాటలపై పెట్టుకుంటున్న ఆంక్షలు హద్దు మీరాయా అనే అంశంపై మాట్లాడవలసిందిగా ఉత్సవ సంఘం వారు నన్ను కోరారు. పొలిటికల్ కరెక్ట్‌నెస్ అని ఇంగ్లీషు పత్రికలు కొన్ని దశాబ్దాలుగా చర్చిస్తున్నది దీనినే. దీనికి మన ఇళ్ళలోనే ఒక మాట దొరుకుతుంది: మడి. మన పెద్దలు మడి కట్టుకొని వంట చేసేవారు, మనం మడి కట్టుకొని మాట్లాడుతున్నాము అని కొందరి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. అయితే దానిని పరిశీలించే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆలస్యంగా వచ్చిన పిల్లలను "కుంటిసాకులు చెప్పకు" అని కసరడం నాకు అలవాటు. ఒక వానాకాలపు ఉదయం, పోలియో సోకిన కాలితో నడిచే ఒక బాలిక ఆలస్యంగా వచ్చి గుమ్మంలో నిలబడింది. అలవాటు చొప్పున ఆ మాట నా నోట జారింది. తరగతి నిశ్శబ్దమైపోయింది. వెనుక బెంచీలలో ఒకరిద్దరు నవ్వారు. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. మరునాటి నుండి ఏడాది పొడవునా అందరికంటే ముందు, గేటు తీయక మునుపే వచ్చి నిలబడేది. అందుకోసం ఇంటి నుండి ఎన్ని గంటలకు బయలుదేరేదో నేను అడగలేదు. క్షమాపణ కూడా చెప్పలేదు. ఉపాధ్యాయురాలు విద్యార్థినికి క్షమాపణ చెప్పవచ్చునన్న ఆలోచనే ఆ రోజులలో నాకు తట్టలేదు.

బహుశా ఆ బరువు వల్లనే కాబోలు, ప్రధానోపాధ్యాయినిగా బాధ్యత స్వీకరించిన తరువాత వాడకూడని మాటల పట్టిక ఒకటి తయారుచేసి స్టాఫ్ రూములో అంటించాను. కుంటిసాకు, గుడ్డి నమ్మకం, చెవిటివాడి ముందు శంఖం, ఇలా చాలా పొడుగు పట్టిక. ఎదురుగా వాటికి బదులు వాడదగిన మంచి మాటలు. మా తెలుగు పండితులు దానిని సాంతం చదివి, "అమ్మా, ఈ లెక్కన సామెతల పుస్తకానికి అట్టలు మాత్రమే మిగులుతాయి" అన్నారు. నాకు కోపం వచ్చింది. నెల తిరగకుండానే, ఆటస్థలంలో బంతి పట్టలేకపోయిన ఒక పిల్లవాణ్ణి తోటివారు "ఒరేయ్ దివ్యాంగుడా!" అని గేలి చేయడం నా చెవిన పడింది. అది నా పట్టికలో మంచి మాటల వరుసలో ఉన్న మాట.

ఆ మాట చరిత్ర మీకు తెలిసినదే. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి వికలాంగులను దివ్యాంగులని పిలుద్దామని సూచించారు. వికలాంగుల హక్కులకై పనిచేస్తున్న సంఘాలు చాలా వరకు దానిని హర్షించలేదు. తమ శరీరాలకు దివ్యత్వం అంటగట్టవద్దని, అవకాశాలకు అడ్డుగా నిలిచిన గోడలు తొలగించమని వారి వాదన. ఆంధ్రలో ప్రభుత్వం వారు విభిన్న ప్రతిభావంతులు అంటున్నారు, మన ఒడిశాలో భిన్నక్షములు అంటున్నారు. మాటలకు కొరత లేదు. నాకు పట్టిక అంటించడానికి పది నిమిషాలు పట్టింది. మన పాఠశాల మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే ర్యాంపు కట్టించడానికి రెండేళ్ళు పట్టింది. ఆ పట్టికను నేనే తీసివేశాను.

అంతమాత్రాన మాటలు మార్చమనడం అంతా చాదస్తమని, నిన్నమొన్న అమెరికా నుండి దిగుమతి అయిన రోగమని అనేవారితో నేను ఏకీభవించలేను. 1917లో బెజవాడలో పంచముల మహాసభ ఒకటి జరిగింది. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ గారు, పంచములనే మాటకు ఆధారమే లేదని, తాము ఈ నేలకు ఆదివాసులమని వాదించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాసభగా పేరు మార్చుకొంది. 1922లో ఎం.సి. రాజా గారు మద్రాసు శాసనమండలిలో తీర్మానం తెచ్చి, ప్రభుత్వ వ్యవహారాలలో పాత పేర్లకు బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు వచ్చేటట్లు చేశారు. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. అంటే ఒడిశా రాష్ట్రం ఏర్పడక ముందే ఈ చర్చ మన పాలనా వ్యవహారాలలోనికి వచ్చింది. తరువాత గాంధీగారు హరిజన శబ్దాన్ని సదుద్దేశంతోనే ప్రచారంలోకి తెచ్చారు. 1938లో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట వాడినందుకు అంబేద్కర్ గారు, వారి పక్షం సభ్యులు సభ నుండి వెళ్ళిపోయారు. ఒక మాట దయతో పుట్టింది, మరొకటి ఆ జనం తమకు తామై ఎంచుకొన్నది. ఈ రెంటికీ గల భేదం మా పిల్లలకు ఎంతగా చెప్పినా తక్కువేనని నా అభిప్రాయం.

మన రాష్ట్రమే 2011లో ఒరిస్సా పోయి ఒడిశా అయింది, ఒరియా భాష ఒడియా అయింది. తమ పేరును తాము పలికే తీరున పలకమంటే ఎవరూ తప్పుపట్టలేదు. మరి మన మాటేమిటి? బరంపురం బజారులో మనల్ని "తెలెంగా" అంటే కొందరికి రోషం వస్తుంది. ఆ మాట ఒడియాలో ప్రాచీనమైనది, దానిలో స్వతహాగా దోషం లేదు. కూరగాయల అవ్వ ఆ మాట అంటే నాకు నొప్పి కలగదు. అదే మాటను పళ్ళు బిగించి అన్నవారిని కూడా చూశాను. ఇటు మనవారు ఇంట్లో కూర్చొని "ఒడ్డెవాళ్ళు" అనేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో ఒకసారి విని చూడండి. (తమిళులను మనం అరవవాళ్ళు అనడం సరే సరి.) ఇటువంటి వాటికి నిషేధ పట్టికలు పనికిరావు. గొంతును పట్టికలో రాయలేము కదా.

ఇక ప్రభుత్వ నిషేధాల సంగతి. కాళ్ళకూరి నారాయణరావు గారి "చింతామణి" సుమారు వందేళ్ళ నాటి నాటకం. వేశ్యాలోలత వల్ల సంసారాలు ఎట్లా కూలిపోతాయో చూపడానికి రాసినది. అందులోని సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తున్నదని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది. వారి బాధ బూటకమని నేను అనను. వ్యాపారుల ఇళ్ళ పిల్లలను తరగతిలో ఆ పేరుతో ఏడిపించడం నేను ఎరుగుదును, శిక్షించాను కూడా. కాని ఆ పాత్రకు అంటుకొన్న మకిలిలో ఎక్కువ భాగం నాటక సమాజాలవారు ఈలల కోసం తరువాత చేర్చిన మోటు హాస్యం. ఆ చేర్పులను తొలగించమంటే సబబుగా ఉండేది. మొత్తం నాటకాన్నే మూటగట్టి అటక మీద పెట్టడం నాకు హద్దు మీరినట్లే తోస్తుంది. ఇక్కడ నాతో విభేదించే పెద్దలు ఈ సభలో ఉన్నారు, వారి మాట వినడానికి సిద్ధంగానే ఉన్నాను.

కాని వేదిక మీద నటుడు అన్న మాట వేరు, బల్ల వెనుక కూర్చున్నవారు అన్న మాట వేరు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు వారు స్త్రీలను గురించి తీర్పులలో వాడదగని మాటలు, వాటికి బదులు వాడదగినవి చూపుతూ ఒక చేతిపుస్తకం ప్రచురించారు. కొందరు నవ్వారు. నేను నవ్వలేకపోయాను. న్యాయమూర్తి కలంలాగే ఉపాధ్యాయుని నోరు కూడా ఎదురు చెప్పలేనివారి మీద పడుతుంది.

ఈ జూబిలీ సంచిక కోసం మేము పాత ప్రవేశ రిజిస్టర్లు తెరిచాము. పుట్టిన బిడ్డలు దక్కకపోతే తరువాతి శిశువును కాసేపు చెత్తకుప్ప మీద పడుకోబెట్టి, పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలుచుకొనే ఆచారం ఉండేది. అటువంటి పేర్లు రిజిస్టరులో కొన్ని ఉన్నాయి. పూర్వ విద్యార్థుల జాబితాలో వాటిని అచ్చువేస్తే బాగుండదని, పొడి అక్షరాలతో సరిపెడదామని మా సంఘంలో నిర్ణయమైంది. నేనూ తల ఊపాను. అయినా అడగడం మర్యాద అనుకొని ఆయా కుటుంబాలకు ఉత్తరాలు రాశాము. ఒక కుటుంబం వారు పొడి అక్షరాలే వేయమన్నారు, అలాగే వేస్తున్నాము. రైల్వేలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దమనిషి మాత్రం ఇలా జవాబు రాశారు: "నాకు ముందు ముగ్గురు పోయారు. నేనైనా దక్కాలని మా అమ్మ పెట్టుకొన్న పేరు అది. దానిని దాచడానికి మీరెవరు?"

ఆయన ఈ సభలోనే మూడవ వరుసలో కూర్చొని ఉన్నారు. వారి పేరు రిజిస్టరులో ఉన్నట్లే, పూర్తిగా అచ్చవుతున్నది. వానలో ఆలస్యంగా వచ్చిన నా విద్యార్థినికి కూడా ఆహ్వానం పంపాను. చిరునామాదారు లేరని అది తిరిగి వచ్చింది. ఆమె వివరం ఎరిగినవారు మీలో ఎవరైనా ఉంటే, సభానంతరం దయచేసి నా గదికి రండి. సెలవు.