వాసములును నిట్రాటయును



పూరిల్లు కట్టించినవారికి ఈ సంగతి విదితమే. ఇంటికి వాసములు అనేకములు. నిట్రాట యొకటియో రెండో. పుచ్చిన వాసమును తీసి మఱియొక దానిని వేసినను ఇల్లు కదలదు. నిట్రాటను తీసినచో కప్పంతయు నేలబడును. అయినను చూచువారి కంటికి మొదట తోచునవి వాసములే, లెక్కకు ఎక్కువ వచ్చునవియు వాసములే. ఒక సంఘమువారు ఉమ్మడిగా నమ్ము నమ్మకములును ఇట్లే యమరియుండును. వానిలో వాసమేదో, నిట్రాట యేదో లెక్కలచేత కనుగొను ఉపాయములను గూర్చి నేడు మనవి చేసెదను.

ఈ సంగతిని గ్రంథములలో చదువుటకు ముందే నేను దానిచేత ఓడిపోయితిని. 1988 ప్రాంతమున ఒక పల్లెలో ఉపాధ్యాయుడనుగా నుంటిని. ఏడవ తరగతి ముగించిన బాలికలను పొరుగూరి ఉన్నత పాఠశాలకు పంపుడని ఇల్లిల్లు తిరిగి చెప్పితిని. పుస్తకములకు డబ్బు లేదనిరి; పుస్తకములు సమకూర్చితిని. దారి దూరమనిరి, బండి కుదిర్చితిని. ఇంటిపనికి మనుషులు లేరనిరి. పనివేళలు వదలి చదువు చెప్పెదమంటిని. ఒక్కరును పంపలేదు. తుదకు ఒక ముదుసలి నన్ను అరుగుమీద కూర్చుండబెట్టి, "అయ్యవారూ, దారిలో నా మనుమరాలిని ఎవడైనా ఒక మాటంటే, ఆ మాటను మీరు వెనక్కు తేగలరా?" అని యడిగినది. నాకు నోట మాట రాలేదు. ఊరంతయు చెప్పినవి వాసములు. ఎవ్వరును పైకి చెప్పనిది నిట్రాట. నేను సంవత్సరము పొడుగున వాసములనే మార్చుచుంటిని.

ఇట్టి విచారమునకు పరాసుదేశమున చిరకాలముగా పాదు గలదు. సమాజమునకు వ్యక్తుల భావములకంటె వేఱైన ఉమ్మడి భావములు గలవని ఎమీల్ దుర్కేమ్ 1898లో వ్రాసెను. మనోవిశ్లేషణమను శాస్త్రము సామాన్యజనుల నోట పడి ఎట్టి రూపము దాల్చినదో సెర్జ్ మోస్కోవిసి జనులను ప్రశ్నించియు, పత్రికలను పరిశీలించియు 1961లో ఒక గ్రంథమున ప్రకటించెను. జనులు ఒక సంగతిని తమదిగా చేసికొనునప్పుడు దానిని విడివిడి ముక్కలుగా గాక ఒక కట్టడముగా నిలుపుకొందురని యప్పటినుండి పండితులు గ్రహించిరి.

కట్టడమున అన్ని ముక్కలకును సమానమైన బరువుండదు. దీనికి అమెరికాలో సాలమన్ ఆష్ 1946లో ప్రకటించిన పరీక్ష నిదర్శనము. అతడు ఒక మనుష్యుని గుణములు ఏడు చదివి వినిపించి, వాడెట్టివాడని యడిగెను. తెలివి, నేర్పు, శ్రమ మొదలగు ఆఱు గుణములు అందరికిని ఒక్కటే. ఏడవది కొందఱికి "ఆప్యాయత గలవాడు" అనియు, కొందఱికి "ముభావి" అనియు చెప్పెను. ఆ యొక్క మాటతో మనిషి రూపమే మాఱిపోయెను. దానికి బదులు "మర్యాదస్థుడు", "మోటువాడు" అను మాటలను మార్చి చూడగా భేదము మిక్కిలి తక్కువ. ఈ మార్గమును అనుసరించియే జాన్-క్లోద్ అబ్రిక్ 1976లో, ప్రతి ఉమ్మడి భావమునకును నడుమ ఒక మూలబీజ ముండుననియు, తక్కినవి దానిచుట్టు అమరి యుండుననియు సిద్ధాంతము చేసెను.

ఇక దానిని కనుగొనుట ఎట్లు? పియేర్ వెర్జెస్ 1992లో ప్రకటించిన పద్ధతి సులభమైనది. అతడు ఎన్నుకొన్న విషయము డబ్బు. ఆ మాట వినగానే తోచిన మాటలను జనులచేత చెప్పించి, రెండు లెక్కలు తీయవలెను: ఒక్కొక్క మాటను ఎందఱు చెప్పిరి? వరుసలో ఎన్నవదిగా చెప్పిరి? ఒక పలకను నాలుగు గదులు చేసి మాటలను వానిలో పంచవలెను. పలువురు చెప్పినదియు, ముందుగా చెప్పినదియు నొక గదిలో చేరును. మూలబీజమును అందు వెదకవలెను. కొందఱే చెప్పినను ముందుగా చెప్పిన మాట యున్నచో, వేఱు తలంపుగల చిన్న జట్టు ఒకటి అక్కడ ఉండవచ్చునని యనుమానింపవలెను.

క్లోద్ ఫ్లామాన్ 1962లోనే మఱియొక దారి చూపెను. ఒక్కొక్క భావము ఒక చుక్క యనుకొందము. నూఱుగురిలో అఱువదిమంది రెండు భావములను కలిపి చెప్పినచో, ఆ రెండు చుక్కల నడుమ గీత బలము అఱువది. పదిమందే చెప్పినచో పది. మన యాడువారు చుక్కలు కలిపి ముగ్గు వేసినట్లు, బలమైన గీతలను వరుసగా గీసికొని పోవలెను. చుట్టు తిరిగి మొదటికి వచ్చు గీతను విడువవలెను. తుదకు చెట్టువంటి పటము మిగులును. ఏ చుక్కనుండి ఎక్కువ కొమ్మలు చీలినవో అది తక్కినవానిని పట్టియున్నదని యూహింపవచ్చును.

ఊహింపవచ్చునే గాని నిశ్చయింపరాదు. పాస్కల్ మోలినే 1989లో ప్రకటించిన పరీక్ష ఇందుకు సాక్షి. ఆదర్శమైన మిత్రబృందమనగా, అందరును సమానులుగా నుందురనియు, అందరి యభిప్రాయములును కలియుననియు జనులు ఇంచుమించు ఒకే లెక్కన చెప్పిరి. "ఈ బృందమున అభిప్రాయములు కలియవు" అని చెప్పి చూడగా, అయినను అది ఆదర్శబృందమే యనిరి. "ఇందులో ఆజ్ఞాపించు నాయకుడు గలడు" అనగా, ఇక నది ఆదర్శబృందము కాదనిరి. లెక్కలో రెండును సమానమే, బరువులో కావు. తీసి చూచినప్పుడే నిట్రాట తెలియును.

నోటికి రానిదియు గలదు. పరాసుదేశమున ఎనే-లె-షాతో అను ఊర మతిచెడినవారిని గ్రామస్థులు తమ యిండ్ల నుంచుకొని పోషించుచుండిరి. దెనీజ్ జోద్లే అక్కడ చాలకాలము పరిశోధించి 1989లో గ్రంథము ప్రకటించెను. ఆ రోగము అంటునదని గ్రామస్థులు నోట నొప్పుకొనకున్నను, రోగుల గిన్నెలను, బట్టలను తమవానితో కలిపి కడుగరైరి. ప్రశ్నించి లెక్కించువానికి దొరకని నమ్మకము కడుగుతొట్టివద్ద దొరికినది. ముఖ్యమైనది మొదట నోటికి రాకపోవచ్చునని యెంచియే అబ్రిక్ 2003లో, మాటలు చెప్పిన వరుసకు బదులు, చెప్పినవారే తమ మాటలకు నిర్ణయించిన ప్రాముఖ్యమును లెక్కింపవలెననెను.

కావున పెద్దలకు నా మనవి యిది. ఊరి తలంపు తెలియగోరినచో రచ్చబండవద్ద నలుగురిని అడిగి తృప్తి పడవలదు. అరుగులమీద వృద్ధురాండ్రను, పొలములలో కూలీలను, పిల్లలను గూడ అడుగుడు. మాటలను మీరు అందింపక, వారి నోటనే రానిండు. ఎందఱనిరో లెక్కించి ఆగక, "ఇది లేకున్నను మీకు సమ్మతమేనా?" అని యడిగి చూడుడు. తిన్న యింటి వాసములు లెక్కించుట ద్రోహమందురు. ఇల్లు నిలుపుటకై లెక్కించుట ద్రోహము కాదు.

మఱుసటి యేట నేను పుస్తకముల మాట యెత్తలేదు. ఊరందఱకును గౌరవము గల యొక వితంతువును పిల్లలవెంట పోయివచ్చుటకు వేడుకొంటిని. ఆమె యొప్పుకొన్న వారమునకు ఐదుగురు బాలికలు బండి యెక్కిరి. ఆ ముదుసలి మనుమరాలు వారిలో లేదు. అప్పటికే ఆ పిల్లకు పెండ్లి యైపోయినది. ఆమె చెప్పిన మాటను నేనొక్క యేడు ముందుగా నడిగి తెలిసికొనియుండవలసినది.