జన్యువును మౌనపరచి పైరును కాపాడవచ్చునా?

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మూడు వైపుల ఆంధ్రదేశపు పొలిమేర గల పావగడ తాలూకాలో, కర్ణాటకలో ఉంటూ తెలుగులో అక్షరాలు దిద్దుకొన్న వారము మనము. ఆ చదువుల ఖర్చును అనేక గృహాలలో భరించినది శెనక్కాయ పంటయే. పైరు పండిన ఏడు కొత్త పలక వచ్చేది. పురుగు తిన్న ఏడు పాత పలకతోనే సరిపెట్టుకొనేవారము. అందుచేత ఆ పంటను కాపాడగలదని శాస్త్రజ్ఞులు ఆశిస్తున్న ఒక నూతన విద్యను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

2000లో పొరుగున ఉన్న అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ తెగులు సుమారు 2,25,000 హెక్టార్ల శెనక్కాయను దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలను మించింది. ఈ వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. దానిని పైరుకు చేర్చేది కంటికి సరిగా ఆనని తామర పురుగు. ఎర్ర గొంగళి, ఆకుముడత, లద్దె పురుగుల బాధ దీనికి అదనము.

ఇక ఆ నూతన విద్య ఏమిటి? మన బడినే ఉదాహరణగా తీసుకొందాము. ప్రధానోపాధ్యాయుని గదిలోని రిజిస్టరు జన్యువు వంటిది. తరగతులకు వెళ్ళే సర్క్యులరు ఆర్.ఎన్.ఎ. వంటిది. సర్క్యులరును దారిలోనే చించివేస్తే రిజిస్టరు చెక్కుచెదరదు గాని, పని మాత్రం జరుగదు. పురుగు బ్రతుకునకు అవసరమైన ఒక జన్యువుకు సరిపోలే జంటపోగు ఆర్.ఎన్.ఎ.ను ఆహారంతో దానికి తినిపిస్తే, దాని కణాలే తమ సర్క్యులరును తామే చించివేస్తాయి. ఈ ప్రక్రియను 1998లో ఒక సూక్ష్మమైన నులిపురుగులో నిరూపించిన ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లోలకు 2006లో నోబెల్ బహుమానం లభించింది. 2007లో అమెరికాలో మొక్కజొన్న వేరుపురుగుపైన, చైనాలో శనగ పచ్చపురుగుపైన ఇది ఫలించగలదని పరిశోధకులు చూపారు. 2023 చివర అమెరికా ప్రభుత్వం బంగాళాదుంప పెంకుపురుగుపై చల్లే ఇటువంటి మందుకు అనుమతినిచ్చింది. చల్లే మందు కనుక పైరు జన్యువులను మార్చవలసిన పని లేదు. గురి ఒక జన్యువు మీదనే గనుక, జాగ్రత్తగా ఎంచుకొంటే తేనెటీగ వంటి మిత్రజీవులకు హాని లేకుండా చేయవచ్చును.

అయితే మన శెనక్కాయకు అటువంటి మందు నేటికీ రైతు చేతికి రాలేదు. కారణమున్నది. పెంకుపురుగులు ఈ ఆర్.ఎన్.ఎ.కు సులభంగా లొంగుతాయి. మన పైరును తినే గొంగళి, లద్దె పురుగులు రెక్కల పురుగుల సంతానము. వాటి జీర్ణరసాలు, రక్తము ఆ ఆర్.ఎన్.ఎ.ను ముందే ముక్కలు చేస్తాయి. ఆముదపు దాసరి పురుగు జన్యువులను ఈ పద్ధతిలో అణచి హైదరాబాదు విశ్వవిద్యాలయం వారు వాటి పనితీరును పరిశీలించారు. కాని ప్రయోగశాలకు, చేనుకు మధ్య దూరం ఇంకను మిగిలియున్నది. పైగా ప్రయోగశాలలో ఈ మందును తట్టుకొనే పెంకుపురుగులు అప్పుడే పుట్టాయి. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తికి గులాబీరంగు పురుగు అలవాటుపడిన కథ మనకు గుణపాఠము.

అందుచేత నా మనవి ఇది. ఆశ ఉంచుకొందాము, కాని కొత్త పేరు చెప్పి ఎవరైనా సీసా అమ్మజూపితే, ఏ పురుగుకు, ఎవరి అనుమతితో అని అడుగుదాము. అంతవరకు చేతిలో ఉన్న ఉపాయాలను విడువరాదు. వేసవి దుక్కి దున్నితే గొంగళి కోశాలు ఎండకు, పక్షులకు బలియగును. తొలివానల తరువాత దీపపు ఎరలకు రెక్కల పురుగులు చిక్కును. చేను చుట్టూ నాలుగు వరుసల జొన్న వేస్తే తామర పురుగుకు అడ్డుగోడ అగును. వయ్యారిభామను పూతకు రాకముందే, చేతికి తొడుగు వేసుకొని పెరికివేయాలి. ఒక్కడు చేస్తే ఫలితం స్వల్పము. ఊరంతా ఒకే వారంలో చేస్తేనే పురుగు లొంగును.

అడిగి తెలుసుకొనుట ఈ బడి మనకు నేర్పిన మొదటి పాఠము. ఈ బెంచీలపై కూర్చున్న బిడ్డలలో ఎవరైనా ఒకనాడు మన శెనక్కాయ పురుగుకు సరియైన సమాధానం కనుగొంటే, ఈ ఉత్సవము సార్థకమగును.