కుక్క అడ్డు రాలేదు
(సంఘ ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విశ్రాంత జీవితంలో వినోదం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. వినోదం సంగతి చెప్తాను. దానితోపాటు నేనాడిన ఒక అబద్ధం సంగతి కూడా చెప్పుకోవాలి.

1990లో ఒక రెండో శనివారం పొద్దున్నే మా సెక్షను వాళ్లం ఆరుగురం విశాఖపట్నం నుండి సముద్రం ఒడ్డు రోడ్డున భీమిలి బయలుదేరాం. రెండు స్కూటర్లు, ఒక రాజ్‌దూత్ మోటారు సైకిలు. నాది బజాజ్ చేతక్. ఆఫీసు అడ్వాన్సుతో కొన్నది, నెలనెలా జీతంలో కోత. ఉదయం పూట దాన్ని ఒక పక్కకు వంచి, లేపి, అప్పుడు కిక్కు కొడితే గాని కదిలేది కాదు. హెల్మెట్ ఒక్కరికే ఉంది. అదీ వెనక కూర్చున్నాయన ఒళ్లో పెట్టుకున్నాడు.

పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉండే దూరం. మాకు సాయంత్రమయింది. రుషికొండ దగ్గర స్నానాలు, పులిహోర పొట్లాలు. తొట్లకొండ మీద అప్పుడు పురావస్తు శాఖ వారి తవ్వకాలు జరుగుతున్నాయి. వాన నీటి కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిపించుకున్న తొట్ల వల్లనే ఆ కొండకా పేరు. అవి చూసి మా హెడ్డు గుమాస్తా గారు, "ఇంత ఏర్పాటు చేసినవారు స్టాకు రిజిస్టరు కూడా పెట్టే ఉంటారోయ్, వెతకమనండి" అన్నారు. రాత్రి భీమిలిలో ఒక మిత్రుని మేనమామ గారింట పడక. మర్నాడు డచ్చివారి సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు చూసి వచ్చాం.

ఆ ఆరుగురిలో ముగ్గురం మిగిలాం. 2023 డిసెంబరులో మళ్లీ అదే దారిన వెళ్దామనుకున్నాం. ఒకాయన తన బండి మీద ముందు వెళ్లారు. నా గేర్లు లేని స్కూటరు మీద నేను, నా వెనక మా టైపిస్టు మిత్రుడు. ఎర్రమట్టి దిబ్బలు దాటగానే కొబ్బరి బొండాల కోసం రోడ్డు పక్కకు తిప్పాను. అక్కడ ఇసుక మేట వేసి ఉంది. దాని మీద ముందు బ్రేకు పట్టాను. బండి జారి ఇద్దరం పడ్డాం. హెల్మెట్లు ఉండబట్టి తలలు దక్కాయి గాని ఆయన చీలమండ ఎముక చిట్లింది. ఆరు వారాలు సిమెంటు కట్టు.

ఇంట్లో కుక్క అడ్డొచ్చిందని చెప్పాను. వాళ్లింట్లోనూ అదే చెప్పాను.

కుక్క లేదు. నా ఎడమ కంట్లో శుక్లం ముదిరిందని డాక్టరు గారు అంతకు ఆరు నెలల ముందే చెప్పారు. ఆపరేషనంటే భయపడి వాయిదా వేశాను. ఆ ఇసుక నాకు కనిపించలేదు. నడపవద్దని మా అబ్బాయి అంటే, "నీకు సైకిలు నేర్పింది నేను" అని కసిరాను. నలభై ఏళ్లు ఇతరుల మెడికల్ సర్టిఫికెట్లు తేదీలతో సహా సరిచూసినవాణ్ణి. మన వయసులో లైసెన్సు అయిదేళ్లకోసారి రెన్యువల్, ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం అని తెలిసినవాణ్ణి. కాగితానికి గడువు ఉంది గదా అని కంటి మాట దాచాను. నా ప్రాణమయితే నా ఇష్టం. వెనక కూర్చున్నది మరొకరి ఇంటి పెద్ద.

ఆ మిత్రుడు ఇదిగో, మూడో వరుసలో చేతికర్రతో కూర్చుని ఉన్నారు. చెల్లెమ్మ గారూ పక్కనే ఉన్నారు. అమ్మా, మీకు ఇవాళే నిజం చెప్తున్నాను, క్షమించాలి. ఆయనకు మాత్రం మొదటి రోజే తెలుసునట. కట్టు విప్పించుకున్న నాడు నా చెవిలో, "ఆ కుక్క రంగేమిటోయ్?" అన్నారు.

తర్వాత నెలలోనే కంటి ఆపరేషను చేయించుకున్నాను. స్కూటరు తాళం అబ్బాయికి ఇచ్చేశాను. వచ్చే రెండో శనివారం ముగ్గురం భీమిలి వెళ్తున్నాం, ఆర్టీసీ బస్సులో. కిటికీ సీటు ఆయనది. మీలో ఎవరైనా వస్తామంటే కార్యదర్శి గారికి పేరివ్వండి. పులిహోర మా ఇంటి నుండి.