'పబ్లిక్ వ్యూ' అంటే ఎవరి చూపు?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సభల్లో మేం చేసిన ప్రసంగం)



మూడు ఊళ్లలోనూ మేం ఒక్క ఇంగ్లీషు మాట మీదనే మాట్లాడుతున్నం. ఆ మాట 'వ్యూ'. చిన్నదే. కానీ మన కేసులు నిలిచేదీ, కూలేదీ దాని మీదనే.

వ్యూ అంటే కంటికి ఆనేది. వ్యూ అంటే అభిప్రాయం కూడా. మన 'చూపు'కూ ఈ రెండర్థాలు ఉన్నయి. అయితే చూపు గాలిలో ఉండదు. చూసేటోడు ఎక్కడో ఒకచోట నిలబడే చూస్తడు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో కూలీలు వెట్టి చెయ్యం అన్నరు. వాడ నుంచి చూస్తే అది మనిషిగా నిలబడుడు. గడీ నుంచి చూస్తే అల్లరి. సర్కారు గడీ పక్కన నిలబడి చూసింది. ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది.

అదే మాట మన చేతిలోని చట్టంలోనూ ఉన్నది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కులం పేరుతో తిట్టుడు నేరం కావాలంటే, అది 'పబ్లిక్ వ్యూ'లో జరగాలె. పబ్లిక్ ప్లేస్ వేరు, పబ్లిక్ వ్యూ వేరు. దొర వాకిలి దొర సొంత జాగనే. కానీ బాటన పోయే పరాయి మనిషికి అక్కడ జరిగేది కనబడితే అది పబ్లిక్ వ్యూనే. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చెప్పింది. నాలుగు గోడల నడుమ, బయటివాళ్లు లేనిచోట అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో హితేశ్ వర్మ కేసులో అన్నది.

నాలుగు గోడల నడుమ తిడితే గాయం తక్కువైతదా? కాదు. కానీ చట్టం మన గాయాన్ని చూసినోళ్ల కంటితో కొలుస్తున్నది.

అందుకే ఠాణాకు పోయినప్పుడు 'కులం పేరుతో తిట్టిండు' అని రాసి ఊకోవద్దు. ఏ జాగల, ఎన్ని గంటలకు, ఏ మాట అన్నడు? ఎవరు చూసిండ్రు, ఎవరు విన్నరు, వాళ్లు ఎక్కడ నిలబడ్డరు? అన్నీ రాయించండి. సాక్షులందరూ మన చుట్టాలు, దోస్తులే అయితే కేసు నిలవకపోవచ్చు. అక్కడున్న పరాయి మనిషి పేరు కూడా రాయించండి. లేని సాక్షిని మాత్రం పుట్టించొద్దు. ఒక్క అబద్ధం వంద నిజాలను ముంచుతది. కొట్టినా, భూమి గుంజుకున్నా సెక్షన్లు వేరే. వాటికి పబ్లిక్ వ్యూ అక్కర లేదు.

చివరగా ఊరివాళ్లకు ఒక్క మాట. మీ కండ్ల ముందు జరిగినదాన్ని చూడలేదని చెప్తే, మీరు ఎవరి పక్కన నిలబడ్డట్టు?