బాపు నీళ్లు ఎందుకు బంద్ పెట్టిండు

ఈసారి మా బాపు ముచ్చట. ఆయనకు ప్రోస్టేట్ క్యాన్సర్. హైదరాబాద్‌లో రేడియేషన్, 20 సిట్టింగులు. నేనేమో దుబాయ్ సైట్‌లో, లీవ్ దొరకలే.

రెండో వారం అమ్మ ఫోన్ చేసింది. మాటిమాటికి విరేచనాలు, జిగట. బాపు మాత్రం "మంచిగనే ఉన్న" అంటడు. గట్టిగ అడిగితే ఇంకో సంగతి బయటపడ్డది. ఆటోలో మూత్రం ఆగదేమోనని నీళ్లే బంద్ పెట్టిండట!

డాక్టర్‌కు ఫోన్ కలిపిన. ప్రోస్టేట్ వెనకనే మలం నిలిచే పేగు ఆనుకొని ఉంటదట. అందులో మలం, గ్యాస్ నిండితే ప్రోస్టేట్ జరుగుతది. మనం మార్కింగ్ చేసినంక షట్టరింగ్ కదిలినట్టన్నమాట. మూత్రసంచి నిండుగ ఉంటేనే పైపేగులు కిరణాలకు దూరం జరుగుతయి. అందుకే రోజూ ఒకే తీరు: ముందు లెట్రిన్, తర్వాత వాళ్లు చెప్పినన్ని నీళ్లు. ఆ నీళ్లు ఆసుపత్రికి చేరినంకనే తాగొచ్చట. ఇంత చిన్న మాట బాపు అడగలే, వాళ్లు చెప్పలే. విరేచనాలకు గోలీలు రాసిండ్రు, కారం తగ్గించమన్నరు.

ఏడాది తర్వాత లుంగీ ఉతుకుతుంటే అమ్మకు రక్తం మరక కనబడ్డది. ఊళ్లో మొలలన్నరు, నాటుమందు తెచ్చిండ్రు. నేను వద్దన్న. రేడియేషన్ తగిలిన పేగు నుంచి నెలలు, ఏండ్ల తర్వాత కూడా రక్తం పడొచ్చు. రేడియేషన్ కాగితాలు పట్టుకొని డాక్టర్ దగ్గరికే పొమ్మన్న, పోయిండు.

ఇప్పుడు వీడియో కాల్‌లో మొదట అదే అడుగుత. ఆయన సిగ్గుపడి ఫోన్ అమ్మకిస్తడు.