పాత వెర్షను, క్రొత్త వెర్షను

2008వ సంవత్సరము ఏప్రిల్ మాసమున గూగుల్ సంస్థ ప్రవేశపెట్టిన ఆప్ ఇంజిన్ అను క్లౌడ్ వేదికలో నాకు మిక్కిలి ఆదరణీయముగా తోచు గుణమొకటి కలదు: వెబ్ అప్లికేషను క్రొత్త వెర్షనును వేరొక పేరుతో ఎక్కించినచో పాతది చెరిగిపోదు, రెండును వేర్వేరు చిరునామాలతో పక్కపక్కనే నిలిచియుండును.

కావున వివేకియగు ప్రోగ్రామరు క్రొత్తదానిని ప్రజలకు చూపకయే ఎక్కించి, దాని ప్రత్యేక చిరునామాలో తాను పరీక్షించుకొని, పిమ్మట నూటికి ఐదుగురిని మాత్రమే దానివైపు మళ్లించి, అప్లికేషను నడకను నమోదు చేయు లాగులలో దోషములు కనబడనిచో ఆ పాలును క్రమక్రమముగా పెంచుకొనిపోవును. దోషము కనబడెనా, అందరిని తిరిగి పాత వెర్షనునకు మరల్చును. ఒకే మనిషికి ఒకసారి క్రొత్త పుట, మరొకసారి పాత పుట కనబడినచో తికమక తప్పదు. అందుచేత బ్రౌజరులో 0 మొదలు 999 వరకు గల యొక సంఖ్యను కుకీగా నిలిపి, దానిని బట్టి అతనిని ఒకే వెర్షనునకు పంపు పద్ధతియు నున్నది.

అసలు చిక్కు డేటాబేసు దగ్గర. వెర్షనులు ఎన్నియైనను అవి సాధారణముగా వాడుకొను సమాచారము ఒక్కటే. క్రొత్త వెర్షను ఖాతాదారుల వివరములలో "ఫోను" అను గడిని తొలగించి వేరొక పేరు పెట్టినచో, ఇంకను నడుచుచున్న పాత వెర్షనునకు ఆ నంబరు దొరకదు. వెనుకకు మరలు దారియు మూసుకొనిపోవును. ముందుగా క్రొత్త గడిని చేర్చి, కొంతకాలము రెండింటను వ్రాసి, పాత వెర్షను పూర్తిగా విరమించిన పిదపనే పాత గడిని తీసివేయుట క్షేమము. ఈ ఓపిక లేనిచో ట్రాఫిక్కును పంచు సౌకర్యము వలన మేలు కలుగదని నా దృఢాభిప్రాయము.

పని తీరిన వెర్షనులను ఆపివేయుటయు మరువరాదు. మాన్యువల్ స్కేలింగుతో, అనగా ఎన్ని ప్రతులు నడువవలెనో ప్రోగ్రామరే నిర్ణయించు పద్ధతిలో, నడుచునవి సందర్శకులు లేకున్నను బిల్లు పెంచుచునే యుండును.