అందరిదీ ఒకే పంట అయితే

(మండల సమాఖ్య మహాజన సభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



వాతావరణ మార్పులు, పంటల వైవిధ్యం గురించి మాట్లాడమన్నారు. నేను పదో తరగతి వరకే చదివినదాన్ని. పెద్ద మాటలు రావు. మా సంఘం అప్పు పుస్తకంలో చూసింది చెబుతాను.

మా సంఘంలో పన్నెండు మందిమి. 2023లో బ్యాంకు లింకేజీ డబ్బు వచ్చినప్పుడు ఎవరికెంత, దేనికి అని సూక్ష్మ రుణ ప్రణాళిక నేనే రాసినాను. ఒకామెకు గొర్రెలు, ఒకామెకు కుట్టు మిషను, ఒకామెకు బిడ్డ కాలేజీ ఫీజు. మిగిలిన తొమ్మిది మంది పేర్ల ఎదురుగా ఒకటే మాట, చెనిక్కాయ సేద్యం. అందులో నా పేరు కూడా ఉంది. రాసేటప్పుడు నాకేమీ అనిపించలేదు. మన అనంతపురం పక్క అందరూ వేసేది అదే గదా.

జూలైలో పదును దొరికింది, విత్తినాము. ఆగస్టులో చుక్క పడలేదు. మన ఊరే కాదు, దేశం మొత్తం మీద 1901 నుంచి అంత తక్కువ వాన పడిన ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. చెనిక్కాయకు ఊడలు దిగే టైము అది. నేల గట్టిపడితే ఊడ లోపలికి ఎట్లా దిగుతుంది? పీకితే కట్టె వచ్చింది, కట్టెకు ఒకటో రెండో లొట్ట కాయలు.

అక్టోబరు మీటింగులో తొమ్మిది మందిమీ తల వంచుకుని కూర్చున్నాము. అంతకుముందు ఒకామె కంతు తప్పితే మిగిలినవాళ్లం తలా కొంత వేసి సర్దేవాళ్లం. ఒకరికి కష్టమొస్తే ఇంకొకరు ఆదుకునేదే సంఘం. అందరికీ ఒకే నెలలో పోతే ఎవరు ఎవరిని ఆదుకోవాల? పుస్తకం ముందర పెట్టుకుని ఆ దినం నాకు అర్థమైంది. తొమ్మిది పేర్లు రాసినాను గానీ, అప్పు ఇచ్చింది ఒకే చెట్టుకు.

ఇది వాన ఒక్కదాని గొడవ కాదు. 2000లో నేను చిన్నపిల్లను. ఆ ఏడు మా నాయన చేన్లో చెనిక్కాయ మొవ్వులు మాడిపోయినాయి. కాండం కుళ్లు వైరస్ అన్నారు. ఆ ఒక్క ఏడే మన జిల్లాలో ఐదు లక్షల ఎకరాలకు పైగా దెబ్బ తగిలింది. గట్ల మీద పెరిగే వయ్యారిభామ పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది, కంటికి ఆనని తామర పురుగులు దాన్ని చెట్టుకు అంటిస్తాయి. ఒక చేను దాటితే ఇంకో చేను, అన్నీ చెనిక్కాయే. పురుగుకు అడ్డమేముంది? తర్వాత సైంటిస్టులు చెప్పిందేమంటే, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో ఒత్తుగా వేయండి, అవి అడ్డు నిలుస్తాయి అని. మా అవ్వ కాలంలో జొన్న సాళ్లు ఎట్లాగూ ఉండేవి. ఆదాయం లేదని మనమే తీసేసినాము.

మళ్లీ 2023కు వస్తాను. మా అత్త తన అర ఎకరంలో నా మాట వినలేదు. ఏడు సాళ్ల చెనిక్కాయకు ఒక సాలు కంది, మధ్యలో అలసంద, అనుము, ఒక పక్క కొర్ర, గట్టు వెంబడి ఆముదం. "ఇదేం చేను, కలగూరగంప" అని నవ్వినాను. ఆమెకూ చెనిక్కాయ పోయింది. కొర్ర సగం గింజే పట్టింది. అలసంద ఒక కోత ఇచ్చింది. కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి ఆగస్టును ఓర్చుకుంది, నవంబరులో పడిన చిన్న వానకు మళ్లీ పూసింది. అనుము చలికాలం మంచుకే కాసింది. అమ్మితే లక్షలు రాలేదు. ఇంట్లోకి పప్పు కొనలేదు, ఆవుకు మేత కొనలేదు, నా కంతుల్లో రెండు మా అత్త కట్టింది. సంఘం లీడరు కంతు అత్త కడితే ఎట్లుంటుందో మీకు చెప్పాల్నా!

ఆ గట్టు మీద ఆముదం కూడా ఊరికే లేదు. లద్దె పురుగు ముందు ఆముదం ఆకు మీదే గుడ్లు పెడుతుంది. ఆ ఆకులు తుంచేస్తే చెనిక్కాయకు మందు ఖర్చు తగ్గుతుంది. కంది, అలసంద, అనుము వేర్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి, కందాకు రాలి ఎరువవుతుంది. ప్రకృతి వ్యవసాయం వాళ్లు నవధాన్యాల పేరుతో పదిహేను ఇరవై రకాలు వానకు ముందే పొడి దుక్కిలో చల్లమనేది ఇందుకే. నేల ఎండకు బోసిగా ఉండకూడదని.

ఇందులో కష్టం లేదని నేను చెప్పను. కలిపి వేస్తే కలుపు మందు కొట్టలేము, చేత్తో తీయాల. ఒక్కొక్కటి ఒక్కొక్క నెలలో కోతకొస్తుంది. పది కిలోల అలసందలు పట్టుకుపోతే మండీలో చూడనైనా చూడరు. కొర్ర దంచేది ఎవరు? మగవాళ్లు కాదు, మనమే. రోకలి పోటుకు భయపడే మనం కొర్ర మానేసినాము. కొర్ర పొట్టు తీసే మిషను ఒకటి సమాఖ్య తరఫున పెట్టే మాట ఈ రోజే తీర్మానంలో రాయాలని అడుగుతున్నాను.

మా సంఘంలో ఇప్పుడు రెండు పనులు చేస్తున్నాము. చెనిక్కాయ అప్పు కావాలన్నవాళ్లను పక్క సాలులో ఏమి వేస్తావని అడిగి, అది కూడా పుస్తకంలో రాస్తున్నాము. ఏమీ వేయననేవాళ్లకు అప్పు ఆపేది లేదు, అడిగేది మాత్రం తప్పదు. రెండోది విత్తనం. పొదుపు పెట్టె పక్కన ఆరు కుండలు పెట్టినాము. గింజలు బాగా ఎండబెట్టి, బూడిద, వేపాకు కలిపి మూతికి గుడ్డ కట్టినాము. ఒక పడి తీసుకున్నామె పంట వచ్చినాక పడిన్నర తేవాల. పోయినేడు ఇద్దరు తేలేదు, పంటే రాలేదు. వాళ్లకు మళ్లీ ఇచ్చినాము.

కంది, అలసంద, అనుము విత్తనం మా దగ్గర ఉంది. ఏ సంఘానికి కావాలన్నా మృగశిర కార్తె లోపల వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి తీసుకుపోండి. నల్ల ఉలవలు మాత్రం మా అత్త దగ్గర అయిపోయినాయి. మీలో ఎవరింట్లోనైనా ఒక సేరు ఉంటే భోజనాల దగ్గర నాకు చెప్పండి.